కర్ణాకర్ ఎక్కిన కప్పు

ఆదివారం ముగ్గురం పార్కుకు పోదామని కర్ణాకర్ అన్నప్పుడు రోజారాణి చేతిలో పని ఆపి అతని మొహం చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఎల్లమ్మ జాతరకు తప్ప ఆమెను ఎక్కడికీ తీసుకుపోయిన మనిషి కాదు. తాటిచెట్టుకు సెలవు ఉండదు. పొద్దున, సాయంత్రం ఎక్కి గెల చివర చెక్కకపోతే కల్లు పారడం ఆగిపోతుంది. అందుకని చుట్టాల పెళ్లిళ్లకు కూడా ఆమెను, బిడ్డను బస్సెక్కించి తను చంద్లాపూర్‌లోనే ఉండిపోయేవాడు.

ఇప్పుడు తీరిక దొరికింది. ఆ తీరిక గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

కిందటి నెల ఒక పొద్దున చెట్టు మీదికి పోయిన కర్ణాకర్ ఎంతసేపటికీ దిగలేదు. కింద నుంచి పిలిస్తే పలకలేదు. మట్టను కావలించుకుని కళ్లు మూసుకుని ఉండిపోయాడు. పక్క చెట్టు గీస్తున్న సతీశ్ దిగొచ్చి, ఆ చెట్టెక్కి, అతని పాదాలు ఒక్కొక్కటే పట్టుకుని కిందికి పెట్టిస్తూ దింపాడు. సతీశ్ గీత సంఘం పెద్ద బాలయ్య కొడుకు. హైదరాబాద్‌లో డ్రైవర్ పని మానేసి ఈ మధ్యే ఊరికి తిరిగొచ్చాడు. ఆ రోజు నుంచి కర్ణాకర్ చెట్లు కూడా అతనే గీస్తున్నాడు.

సిద్దిపేట దవాఖానలో ఎక్స్‌రే చూసి డాక్టరు, మెడ ఎముకలు అరిగాయన్నాడు. తల వెనక్కి వంచి పైకి చూస్తే తలకు రక్తం సరిగా అందడం లేదన్నాడు. మందులు నొప్పికే, అరిగింది మళ్లీ రాదు, ఇక చెట్టెక్కవద్దు అన్నాడు. బయటికి రాగానే కర్ణాకర్ చీటీని మడిచి జేబులో పెట్టుకుని, "గాయిన ఎన్నడన్న తాటిచెట్టు ఎక్కిండా?" అన్నాడు. అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

సోమవారం నాడు సంఘంలో ఎండాకాలం చెట్ల పంపకం ఉంది. ఆ లోపు అతను ఏదో ఒకటి తేల్చాలి.

బస్సులో సింధుజ కిటికీ పక్కన కూర్చుంది. ఎనిమిదో తరగతి పిల్ల. బడి వాళ్లతో ఆ పార్కుకు ఒకసారి వెళ్లొచ్చింది కనుక తోవ పొడుగునా తనే పెద్దమనిషి. నీళ్లలో జారే జారుడుబండల గురించి చెప్పబోతే కర్ణాకర్ ఆపాడు.

"గవన్ని తర్వాత, బిడ్డా. కప్పులు తిరుగుతయ్ అన్నవు గద, గది చెప్పు."

"కప్పులా? గది చిన్నపిల్లలది బాపూ. అందరు కూసుంటరు. అమ్మలు, నాయినమ్మలు గూడ."

"చెప్పరాదు. ఎట్ల తిరుగుతది?"

"ఫస్ట్ మెల్లగ పోతది. గింతేనా అనుకుంటం. తర్వాత కింద పెద్ద పళ్లెం ఒక దిక్కు తిరుగుతది, మన కప్పు ఇంకో దిక్కు తిరుగుతది. నడుమల ఒక చక్రం ఉంటది. గది మనం తిప్పిన కొద్దీ కప్పు ఇంక జోరుగ తిరుగుతది. తిప్పకుంటే మామూలుగ పోతది."

"మనమే తిప్పుకోవాల్నా?"

"ఆ. మా శ్రీజ తిప్పి తిప్పి దిగినంక కక్కుకుంది. మా టీచర్ ఏం చెప్పిందంటే, బయటికి చూడొద్దు, మన ఎదురుంగ కూసున్నోళ్ల మొహం చూడాలె. గప్పుడు అంత తిరిగినట్టు అనిపియ్యదు."

కర్ణాకర్ శ్రద్ధగా విన్నాడు. "దిగినంక ఎంతసేపటికి కాళ్లు నిలుస్తయ్?" అని అడిగాడు.

రోజారాణి అతని వైపు తిరిగింది. తమను ఈ పార్కుకు ఎందుకు తీసుకుపోతున్నాడో ఆమెకు అప్పుడు తెలిసింది.

"ఏందయ్యా, నీ తల పరీచ్చ చేసుకునేందుకా గీ తిప్పలు?" అంది నెమ్మదిగా.

"బిడ్డ ఎన్నొద్దుల సంది అడుగుతున్నది."

"బిడ్డ జారుడుబండ అడుగుతున్నది. నువ్వు కప్పు అడుగుతున్నవ్."

అతను నవ్వి అటు తిరిగాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు. అందుకే ఆమె ఇంకేం అనలేకపోయింది.

పార్కు బైపాస్ అవతల ఉంది. లోపల పాటలు, పిల్లల కేకలు, మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న వాసన. కప్పుల దగ్గర వరుస కట్టడానికి నేల మీద పసుపు గీతలు గీసి ఉన్నాయి. ఒక పెద్ద బోర్డు పెట్టారు. సింధుజ దాన్ని పాఠం చదివినట్టు గట్టిగా చదివింది.

"గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు, మెడ, వెన్నెముక సమస్యలు ఉన్నవారు..."

"సాల్లే, ముందుకు నడువు," అన్నాడు కర్ణాకర్.

"మెడ అని రాసిన్రు," అంది రోజారాణి.

"గర్భిణులు అని గూడ రాసిన్రు. గది గూడ నాకేనా?"

వెనక నిలబడ్డ ఆవిడ ఫక్కున నవ్వింది. పట్టుచీర, చేతిలో కూలింగ్ నీళ్ల సీసా. తన పేరు సుమిత్రమ్మ అనీ, సిద్దిపేటలో చీరల దుకాణమనీ వరుస కదిలే లోపలే చెప్పేసింది. మనవరాళ్లు బలవంతంగా తీసుకొచ్చారట, ఇప్పుడు వాళ్లు అటు పోయి తనను ఇటు నిలబెట్టారట.

"మీరేం పని జేస్తరు?"

"తాళ్లు గీస్త," అన్నాడు కర్ణాకర్. తాటిచెట్లు ఒకప్పుడు గీసేవాణ్ని అనలేదు. రోజారాణి అది విన్నది.

"అమ్మో! గంత ఎత్తు ఎక్కెటోళ్లకు గివొక లెక్కనా. నన్ను జర మీ కప్పులనే కూసోనియ్యుండ్రి. పడకుంట పట్టుకుంటరు."

నలుగురూ ఒకే కప్పులో కూర్చున్నారు. కూర్చునే ముందు కర్ణాకర్ కప్పు అంచును వేళ్లతో తాకి ఆ వేళ్లను కళ్లకు అద్దుకున్నాడు. నడుమును చెట్టుకు కలిపి కట్టే మోకు వేసే ముందు అతను రోజూ చేసే పనే అది. సుమిత్రమ్మ అది చూసి ముచ్చటపడింది. సింధుజ సిగ్గుపడి అటూ ఇటూ చూసింది. అతను నడుముకున్న తువ్వాలను విప్పి మళ్లీ గట్టిగా బిగించుకుని రోజారాణికి ఎదురుగా కూర్చున్నాడు.

విజిల్ వేశారు. ముందు మెల్లగా కదిలింది. సింధుజ చెప్పినట్టే ఇంతేనా అనిపించింది. కింద పళ్లెం వేగం అందుకున్నాక చెట్లూ మనుషులూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోసాగాయి. సుమిత్రమ్మ "ఓ రామా" అని కేక పెట్టింది. సింధుజ నడుమనున్న చక్రం పట్టుకుంది. కర్ణాకర్ ఆ పిల్ల చేతుల మీద తన చేతులు వేసి తిప్పడం మొదలుపెట్టాడు. పిల్ల కోసం తిప్పుతున్నట్టు లేదు. పళ్లు బిగపట్టి, మోచేతుల నరాలు పొంగేలా తిప్పాడు.

"సాలు బాపూ!"

"ఇంకెంత జోరు పోతది, సూద్దాం."

అతని కళ్లు మాత్రం రోజారాణి మొహం మీదే ఉన్నాయి. రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఆమెకు బయటికి ఒరిగి కక్కాలని ఉంది. అయినా మొహం కదిలించలేదు. కొప్పు ఊడిపోతే ఊడిపోనిచ్చింది. తను కదిలితే అతను పట్టుకున్నది జారిపోతుందని అనిపించింది. అంతలోనే, పట్టు జారిపోతేనే మంచిదేమో అని కూడా అనిపించింది. ఇక్కడ, బెల్టు కట్టుకుని, మోకాలెత్తు కప్పులో తల తిరిగితే సోమవారం ఆగిపోతాడు. ఆ ఆలోచన రాగానే ఆమె కళ్లు దించుకోవాలనుకుంది. దించుకోలేకపోయింది.

కప్పు ఆగింది. సుమిత్రమ్మ దిగలేక దిగి, కంచె పట్టుకుని నవ్వుతూ మూలుగుతూ నిలబడింది. సింధుజ రెండడుగులు వేసి కూలబడింది. రోజారాణి కప్పు అంచు వదల్లేదు.

కర్ణాకర్ దిగాడు. నేల మీది పసుపు గీత మీద అడుగులో అడుగు వేస్తూ కంచె దాకా నడిచాడు. వెనక్కి తిరిగాడు. అదే గీత మీద మళ్లీ నడుచుకుంటూ వచ్చాడు. ఒక్క అడుగు కూడా పక్కకు పడలేదు.

"చూసినవా?" అన్నాడు భార్యతో. అతని మొహం వెలిగిపోతోంది.

"అయ్యో, ఎక్కనే ఎక్కనట్టు నడుస్తున్నడు గీయన!" అంది సుమిత్రమ్మ. "మా ఇంట్ల మగోళ్లు మిద్దెక్కితెనే కండ్లు తిరుగుతయంటరు. అదృష్టవంతురాలివమ్మా నువ్వు."

కర్ణాకర్ అక్కడే ఫోన్ తీసి బాలయ్యకు కలిపాడు. పాటల హోరులో గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది.

"అన్నా, రేపు పంపకంల నా చెట్లు నాకే... ఆ, మంచిగైంది. మొత్తం మంచిగైంది. నా మీద నమ్మకం లేదా? ... గట్ల కాదన్నా, సతీశ్‌కు వేరేవి చూడు. నా తాళ్లు నేనే గీస్త." ఫోన్ పెట్టేసి, "సరే రమ్మన్నడు," అన్నాడు. బాలయ్య వెంటనే సరే అనలేదని అతని మొహంలో తెలిసింది. అయినా అన్నాడు కదా అన్నట్టు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

రోజారాణి కూడా ఒక్క క్షణం నమ్మింది. డాక్టరు పొరపాటు పడి ఉండొచ్చు. అందరికీ అదే మాట చెప్తారేమో. ఇన్ని రోజుల విశ్రాంతికి నిజంగానే నయమైందేమో. చల్లటి నీళ్లు మొహం మీద చల్లుకుంటూ అవన్నీ అనుకుంది.

"బాపూ, అగో, గా పెద్ద చక్రం చూడు!" సింధుజ తేరుకుని చెయ్యెత్తి చూపించింది. "గా పైన, ఎర్ర డబ్బా! మా టీచర్ దాంట్లనే కూసొని ఏడ్చింది."

కర్ణాకర్ తల వెనక్కి వంచి పైకి చూశాడు.

అతని చెయ్యి ఒక్కసారిగా నడుము వెనక్కి పోయింది. లేని మోకు కోసం వెతికింది. మోకాళ్లు వంగాయి. పక్కనే ఉన్న రోజారాణి భుజం ఆనించి అతని బరువు తన మీద వేసుకుంది. చూసేవాళ్లకు మొగుడి తువ్వాలు సర్దుతున్నట్టుంది. అతని మెడ మీద చెమట ఆమె చెంపకు తగిలింది. చల్లగా ఉంది. సింధుజ ఇంకా చక్రం వైపే చూస్తోంది.

"తడి ఉన్నది. జారింది," అన్నాడు కాసేపటికి.

ఆమె కిందికి చూసింది. సిమెంటు పొడిగా ఉంది.

సింధుజ జారుడుబండల వైపు పరుగెత్తాక ఇద్దరూ ఒక గోడ నీడన కూర్చున్నారు.

"కప్పుల తిరిగితే చక్కర్ వస్తలేదు. పైకి చూస్తే వస్తున్నది," అంది రోజారాణి. "డాక్టర్ గదే చెప్పిండు."

అతను తువ్వాలు విప్పి మెడ తుడుచుకున్నాడు.

"బాలయ్య బావకు మళ్ల ఫోన్ చెయ్యి."

"పైకి చూడ."

"ఏంది?"

"చెట్టెక్కెటప్పుడు పైకి చూసుడెందుకు? ఎక్కడ అడుగు పెట్టాల్నో కాళ్లకు ఎర్కే. చేతులకు ఎర్కే. తల దించుకొనే ఎక్కుత."

"గెల కాడ?"

"గెల కాడ కండ్లు మూసుకుంట. ఇన్నేండ్ల సంది గీస్తున్న, చూసి గీస్తున్ననా నేను?"

"కత్తి చేతుల పట్టుకొని కండ్లు మూసుకుంటవా? బుద్ధుండే మాట్లాడుతున్నవా?"

"మరేం చేయాలె? చెప్పు. ఏదన్న అపార్ట్‌మెంట్ కాడ వాచ్‌మెన్ లెక్క కుర్చీల కూసోవాల్నా? సతీశ్ దించిన కల్లు నేను గ్లాసులల్ల పొయ్యాల్నా?"

"పోస్తే ఏమైతది? కల్లు మండువల నేను పోస్తలేనా?"

"నిన్ను ఎవ్వడన్న అడుగుతడా, తాడెందుకు ఎక్కుతలేవని? నన్ను అడుగుతరు. తాగి మూతి తుడుసుకుంట అడుగుతరు." గొంతు తగ్గించాడు. "సంఘంల చెట్లు ఇయ్యకుంటే ఇయ్యకపోనీ. రిజర్వాయర్ అవతల ఎవ్వరివి కాని తాళ్లున్నయ్. గక్కడ ఒక్కన్నే గీసుకుంట."

అది కోపంలో అన్న మాట కాదు. లెక్క చూసుకున్న మాట. అక్కడికి మనుషులు పోరు. అక్కడ ఏమైనా అయితే సాయంత్రం దాకా ఎవరికీ తెలియదు. రోజారాణి అతని చెయ్యి పట్టుకుంది.

"బిడ్డను చూసన్న..."

"బిడ్డను చూసే," అన్నాడు.

దూరంగా సింధుజ తడి బట్టలతో చెయ్యి ఊపింది. ఇద్దరూ చేతులు ఊపారు.

చంద్లాపూర్ గీత సంఘంలో చెట్ల పంపకానికి ఒక పద్ధతి ఉంది. చెట్టెక్కేది మగవాడే అయినా చెట్లు తీసుకునేది ఇంటి ఆడమనిషి. కల్లు పట్టే కొత్త లొట్టిలకు పసుపు రాసి, ఎల్లమ్మ గుడి ముందుకు గంపలో తెస్తుంది. సంఘం పెద్ద ఆ ఇంటి పేరు పిలిచినప్పుడు లొట్టిలు గుడి ముందు పెడితే ఆ ఇల్లు చెట్లు తీసుకున్నట్టు. పెట్టకపోతే వద్దన్నట్టు. మొగుడు చెట్టు మీద ఉన్నంతసేపూ కింద ప్రాణం బిగబట్టుకునేది ఆమే కాబట్టి ఆ మాట ఆమె నోటి నుంచే రావాలని ఎప్పటి పెద్దలో పెట్టారు. లొట్టిలు పెట్టకుండా తిరిగిపోయిన ఆడమనిషిని రోజారాణి ఎన్నడూ చూడలేదు.

సోమవారం పొద్దున ఆమె లొట్టిలకు పసుపు రాసింది. గంపలో పెట్టింది. ఒకసారి గంపను ఇంట్లోనే దించి గడప దాటింది కూడా. మళ్లీ లోపలికి వెళ్లి ఎత్తుకుంది.

గుడి ముందు ఇరవై మంది దాకా ఉన్నారు. కర్ణాకర్ మగవాళ్లలో నిలబడ్డాడు, గడ్డం ఎదకు ఆనించుకుని. మెడ అలా పెట్టడం రాత్రికి రాత్రే నేర్చుకున్నట్టున్నాడు. సతీశ్ అందరికీ దూరంగా చెప్పులతో మట్టి గీకుతున్నాడు. అతనికి ఆ చెట్లు కావాలని అందరికీ తెలుసు. అడగడానికి నోరు రావడం లేదని కూడా తెలుసు.

బాలయ్య కర్ణాకర్ పేరు పిలిచి, అతని వైపు కాకుండా రోజారాణి వైపు చూశాడు. అతను కర్ణాకర్‌కు పెదనాన్న కొడుకు.

"ఏం మర్దలా? ఏమంటవ్?"

ఆమె గంపతో ముందుకు నడిచింది.

"నీ ఇష్టమే," అన్నాడు బాలయ్య, ఆమెకు మాత్రమే వినపడేలా. "నువ్వు పెట్టకుంటే ఎవ్వరు ఒక్క మాట అనరు. అననియ్య. ఇయ్యాల్నే మోకు తీసి పక్కకు పెడితే మనిషి దక్కుతడు."

"ఎన్నొద్దులు పక్కకు పెడ్తడు బావా?"

"నువ్వు చెప్పాలె."

"చెప్పిన. రిజర్వాయర్ అవతలికి పోతా అంటున్నడు. ఒక్కడే."

బాలయ్య రిజర్వాయర్ దిక్కు చూశాడు. ముసలి చేతులు మోకాళ్ల మీద రుద్దుకున్నాడు.

వెనక ఎవరో దగ్గారు. ఒక ఆడమనిషి, "జల్ది కానియ్యే రోజా, పొద్దెక్కుతున్నది," అంది. కర్ణాకర్ ఆమెను చూడటం లేదు. తల ఎత్తితే ఏమవుతుందో అతనికి తెలుసు. అందరి ముందు ఎత్తడు.

ఇక్కడైతే చెట్ల మధ్య పది మంది ఉంటారు. పిలిస్తే వినపడేంత దూరంలో సతీశ్ ఉంటాడు. కింద తను ఉంటుంది. ఇక్కడికీ అక్కడికీ ఉన్న తేడా అంతే. ఆ కొంచెం తేడా కోసం రోజారాణి వంగి లొట్టిలను ఒక్కొక్కటే గుడి ముందు పెట్టింది. ఎల్లమ్మ వైపు చూసి దండం పెట్టుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు.

బాలయ్య కొబ్బరికాయ కొట్టి తరువాతి పేరు పిలిచాడు.

మొదటి చెట్టు ఆ పూటే ఎక్కాలి. సింధుజ బడికి పోయింది. రోజారాణి మండువలో కల్లు అమ్మే పని పక్కింటావిడకు అప్పజెప్పి అతని వెంట పోయింది. "నువ్వెందుకు?" అన్నాడు. ఆమె వెంట నడుస్తూనే ఉంది. అతను రెండోసారి అడగలేదు.

అతను చెట్టుకు మోకు వేశాడు. చెంప మానుకు ఆనించుకుని, కళ్లు నేల వైపు పెట్టుకుని, తడుముకుంటూ ఎక్కాడు. ఒకప్పుడు ఆమె రెండు మాటలు మాట్లాడేలోపు మట్టల్లోకి చేరేవాడు. ఇప్పుడు ప్రతి పట్టు దగ్గరా ఆగుతున్నాడు. అటు చెట్టు మీద సతీశ్ పని ఆపి ఇటే చూస్తూ నిలబడ్డాడు. కర్ణాకర్ మట్టల్లోకి పోయాక కింద నుంచి కాళ్లు తప్ప ఏమీ కనపడలేదు. ఆ కాళ్లు వణుకుతున్నాయో, గాలికి మట్టల నీడ కదులుతోందో ఆమెకు అర్థం కాలేదు.

చాలాసేపటికి దిగాడు. మొహం పాలిపోయింది. ఎడమ బొటనవేలు దగ్గర తెగి, రక్తం మణికట్టు దాకా కారి ఎండుతోంది.

"తెగింది."

"కొంచెమే."

ఆమె కొంగు అంచు చింపి వేలికి చుట్టింది. గట్టిగా ముడి వేస్తుంటే అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ముడి అయ్యాక కొంచెంసేపు ఆమె చేతిలోనే ఉంచాడు.

"ఇయ్యాల్టికి సాలు," అంది.

"ఇంకా ఉన్నయ్ గద," అన్నాడు.

కత్తి తుడుచుకుని, మోకు భుజాన వేసుకుని పక్క చెట్టు వైపు నడిచాడు. రోజారాణి లొట్టి అందుకుని అతని వెనకే నడిచింది.